కౌన్సెలింగ్‌కి రావాలనుకునే ఆడవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు (విజయవాడ, గుంటూరు)

కృష్ణలంక, సింగ్‌నగర్, వన్‌టౌన్, మంగళగిరి, గుంటూరు పాతబస్తీ... ఎక్కణ్ణుంచి మా కౌన్సెలింగ్ కేంద్రానికి ఫోన్ వచ్చినా మొదట అడిగే సందేహాలు దాదాపు ఇవే. అందుకే ఒకచోట రాసిపెట్టాం. ప్రశ్నలన్నీ మీరు అడిగిన మాటల్లోనే ఉన్నాయి. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి. ఇప్పటికిప్పుడు ప్రాణభయం ఉంటే మాత్రం చదవడం ఆపి 112కి ఫోన్ చేయండి.

## రావాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

మా ఆయన కొట్టడు. కానీ మాటలతో చంపుతాడు, చేతికి రూపాయి ఇవ్వడు. ఇది కూడా హింస కిందికి వస్తుందా?

వస్తుంది. 2005 గృహహింస చట్టం దెబ్బల గురించి మాత్రమే చెప్పలేదు. మాటలతో, అవమానాలతో పెట్టే బాధ, లైంగిక హింస, డబ్బు దగ్గర పెట్టే హింస కూడా అందులో ఉన్నాయి. పిల్లలు పుట్టలేదనో మగపిల్లాడు పుట్టలేదనో దెప్పిపొడవడం హింసేనని చట్టంలోనే రాసి ఉంది. ఇంటి ఖర్చుకి డబ్బివ్వకపోవడం, మీ నగలు మీకు చెప్పకుండా అమ్మేయడం, మీ సంపాదన మిమ్మల్ని వాడుకోనివ్వకపోవడం ఆర్థిక హింస. మిర్చి యార్డులో రోజంతా తొడిమలు తీసి తెచ్చుకున్న కూలి సాయంత్రానికి లాక్కుంటున్నాడంటే అది "మొగుడూపెళ్లాల గొడవ" అని కొట్టిపారేయాల్సింది కాదు. ఒంటి మీద మచ్చ లేదు కదా, ఎవరు నమ్ముతారు అని ఆగిపోకండి.

కౌన్సెలింగ్ అంటే ఇద్దర్నీ కూర్చోబెట్టి "సర్దుకుపోండమ్మా" అని రాజీ చేసి పంపేయడమేగా?

ఈ అనుమానం రావడంలో తప్పు లేదు. చాలామంది మా దగ్గరికొచ్చేసరికే రెండు మూడు పంచాయితీలు చూసి ఉంటారు. పెద్దమనుషులు కూర్చుంటారు, అతను తల ఊపుతాడు, కాఫీలు తాగుతారు, ఆమెని బండెక్కించి పంపుతారు. వారం తిరక్కుండా మళ్లీ అదే. దాన్నే కౌన్సెలింగ్ అనుకుంటే ఎవరికైనా నమ్మకం పోతుంది.

కౌన్సెలింగ్ పని వేరు. మొదట మీ ఒక్కరితోనే మాట్లాడతారు. మీకేం జరిగింది, మీకేం కావాలి, మీ ముందు ఏయే దారులున్నాయి, ఒక్కో దారిలో లాభమేంటి, ఇబ్బందేంటి అన్నది విడమరిచి చెబుతారు. నిర్ణయం మీదే. కాపురం చేస్తానన్నా, విడిపోతానన్నా, ఇప్పుడే ఏమీ తేల్చుకోలేనన్నా సాయం ఆగదు. మీకు ఇష్టం లేకుండా అతన్ని పిలిపించరు. పిలిపించినా "తను వాగింది కాబట్టి కొట్టాను" అనే మాటకి అక్కడ చోటు లేదు. కోర్టు ఆదేశంతో జరిగే కౌన్సెలింగ్‌లోనూ, హింసకి సాకులు చెప్పనివ్వకూడదని 2006 గృహహింస నిబంధనలు కౌన్సెలర్‌కి స్పష్టంగా చెప్పాయి. "ఇకమీదట చేయి చేసుకోను" అని అతని చేత రాయించుకోవడం అందులో ముఖ్యమైన పని. మిమ్మల్ని ఓర్చుకోమని ఒప్పించడం కాదు. ఎక్కడైనా ఎవరైనా మీకు ఓర్పు గురించి మాత్రమే పాఠం చెబుతుంటే లేచి వచ్చేయండి. ఇంకో తలుపు తట్టే హక్కు మీకుంది.

నేనొచ్చినట్టు మా ఇంట్లో తెలిసిపోతుందా?

మేం చెప్పం. ఇంటికి ఫోన్ చేయం, ఉత్తరం పంపం. ఏ నంబరుకి, ఏ టైముకి ఫోన్ చేస్తే ఇబ్బంది లేదో ముందే మిమ్మల్ని అడిగి రాసుకుంటాం. అయితే ఒక మినహాయింపు ఉంది, అది ముందే తెలుసుకోండి. 18 ఏళ్ల లోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, దాచిపెట్టడం మాకే నేరం. ఇంకో జాగ్రత్త మీ వైపు నుంచి కావాలి. ఫోన్ అతని చేతికి వెళ్తుందనుకుంటే కాల్ లిస్టులో నంబరు తీసేయండి. లొకేషన్ షేరింగ్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి.

ఫీజు ఎంత?

ఏమీ లేదు. ఆడవాళ్లకి సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రాల్లో కూడా ఉచితమే. దారిఖర్చు గురించి అడిగేవాళ్లకి ఇంకో మాట: 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్లు టికెట్ డబ్బులు కట్టక్కర్లేదు. ఆధార్ చూపిస్తే చాలు. గుంటూరు నుంచి విజయవాడ రావడానికి అతని దగ్గర డబ్బులడగాల్సిన పని ఇప్పుడు లేదు.

మాకు పెళ్లి కాలేదు, మూడేళ్లుగా కలిసి ఉంటున్నాం. నాకు కూడా చట్టం వర్తిస్తుందా?

పెళ్లి లాంటి సంబంధంలో ఒకే ఇంట్లో కలిసి ఉన్నవాళ్లకి కూడా గృహహింస చట్టం వర్తిస్తుంది. భార్యలకే కాదు, తల్లికి, అక్కచెల్లెళ్లకి, కూతురికి, భర్త పోయిన కోడలికి కూడా. ఏ మతమైనా ఒకటే.

అమ్మకి డెబ్బై ఏళ్లు. ఇల్లు రాయించుకుని మా అన్నయ్య తిండి పెట్టడం లేదు. ఆమె రావచ్చా?

తప్పకుండా. ఆమెకి రెండు దారులున్నాయి. కొట్టడం, తిట్టడం ఉంటే గృహహింస చట్టం కింద కొడుకు మీద అర్జీ పెట్టవచ్చు. పోషణ కోసం 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కి వెళ్లవచ్చు. అక్కడ లాయరు అవసరం లేదు, కాగితం మీద రాసిస్తే చాలు. చూసుకుంటాననే షరతు మీద ఇల్లు రాయించుకుని చూడకపోతే ఆ దస్తావేజుని రద్దు చేయమని కూడా అక్కడే అడగవచ్చు. పెద్దవాళ్ల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది. కన్నకొడుకు మీద కాగితం పెట్టడానికి ఏ తల్లికీ మనసొప్పదు. అందుకే మొదటిసారి ఆమెతో పాటు మీరూ రండి.

## మొదటిసారి వచ్చినప్పుడు

ఏమేం కాగితాలు తేవాలి?

ఏమీ లేకపోయినా రండి. వీలైతే ఆధార్, పెళ్లి ఫొటో లేదా శుభలేఖ, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, బ్యాంకు పాసుబుక్కు, ఆస్పత్రి చీటీలు తెచ్చుకోండి. అతని జీతం స్లిప్పు గానీ, అతను పనిచేసే చోటు బోర్డు గానీ ఫోన్లో ఫొటో తీసి ఉంచుకుంటే తర్వాత ఖర్చుల కేసులో చాలా ఉపయోగపడుతుంది. బీరువాలోంచి అసలు కాగితాలు తీస్తే అనుమానం వస్తుందనుకుంటే ఫొటోలు తీసి నమ్మకమైన ఒక్కరికి పంపి, మీ ఫోన్లోంచి తీసేయండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు చాలా ఇళ్లలో కాగితాలన్నీ నీళ్లపాలయ్యాయి. అలా పోయినవాళ్లు దిగులుపడక్కర్లేదు. పుట్టిన సర్టిఫికెట్, రిజిస్టరైన పెళ్లి సర్టిఫికెట్, ఇంటి దస్తావేజు నకళ్లు ఆయా ఆఫీసుల్లో మళ్లీ తీసుకోవచ్చు. అర్జీ ఎలా రాయాలో మేం చూపిస్తాం.

వచ్చాక ఏం అడుగుతారు? నేను ఏడుస్తూ మాట్లాడలేనేమో.

ఏడిస్తే ఏడవండి, గదిలో మీరూ కౌన్సెలరూ తప్ప ఎవరూ ఉండరు. మీతో వచ్చినవాళ్లని బయట కూర్చోమంటాం. తల్లి పక్కన ఉన్నా కొన్ని మాటలు నోటికి రావు. మొదట అడిగేది ఒకటే: ఈ రాత్రి ఇంటికి వెళ్తే భయం లేదా? దాన్ని బట్టి మిగతావి. అన్నీ మొదటిరోజే చెప్పాలని లేదు.

మీరు ఒప్పుకుంటే గృహ సంఘటన నివేదిక అనే ఫారం నింపుతాం. ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, ఎవరు చూశారు అని అందులో గడులుంటాయి. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. తేదీలు గుర్తుండవు. "పెద్దాడి అన్నప్రాశన రోజు", "దసరా ముందు, ఇంద్రకీలాద్రికి భవానీలు వస్తున్నప్పుడు", "కరెంటు మీటరు పేలిన రాత్రి" అని చెబుతారు. అలాగే చెప్పండి. పండుగని, బారసాలని పట్టుకుని తేదీ వెతకడం మా పని. ఈ ఫారం రక్షణాధికారి (గృహహింస కేసులు చూడడానికి ప్రభుత్వం పెట్టిన అధికారి) ద్వారా మేజిస్ట్రేటుకి చేరుతుంది. ఇవాళే కేసు వేయకపోయినా ఇవాళ రాసిన కాగితం రెండేళ్ల తర్వాత మీ తరఫున మాట్లాడుతుంది.

సఖి సెంటర్ అంటే ఏంటి? 181కి చేస్తే ఏం జరుగుతుంది?

181 ఆడవాళ్ల హెల్ప్‌లైన్. ఫోన్ ఎత్తినవాళ్లు మీ మాట విని, మీ జిల్లాలోని సఖి కేంద్రానికి గానీ, అవసరమైతే పోలీసులకి గానీ కలుపుతారు. సఖి అంటే వన్‌స్టాప్ సెంటర్, 2015లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఏర్పాటు. వైద్యం, పోలీసు సాయం, కౌన్సెలింగ్, న్యాయసలహా, కొన్ని రోజుల బస అన్నీ ఒక్క కప్పు కింద దొరకాలన్నది దాని ఉద్దేశం. కథంతా ప్రతి ఆఫీసులో మొదటినుంచి చెప్పుకునే బాధ తప్పుతుంది. మామూలుగా ఐదు రోజుల వరకు అక్కడ ఉండవచ్చు.

మా వార్డు సచివాలయంలో మహిళా పోలీసు ఉందిగా. ఆమెకి చెబితే సరిపోదా?

చెప్పవచ్చు, దగ్గరలో దొరికే మనిషి ఆమే. పింఛను, రేషన్ కార్డు లాంటి పనులకీ సచివాలయమే దిక్కు. కానీ మీ వీధిలో అందరికీ తెలిసిన మనిషి కాబట్టి మాట బయటికి పొక్కుతుందని భయముంటే నేరుగా 181కి చేయండి. చట్టం ప్రకారం రక్షణాధికారి బాధ్యత మన రాష్ట్రంలో స్త్రీ శిశు సంక్షేమశాఖ జిల్లా అధికారులది. నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా, ఎక్కడ చెప్పినా రాసిచ్చి ఒక కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోండి.

## దెబ్బలు తగిలినప్పుడు, భయం వేసినప్పుడు

ఆస్పత్రికి వెళ్తే పోలీసు కేసవుతుందని మెట్ల మీంచి పడ్డానని చెప్పాను. తప్పా?

తప్పని మిమ్మల్ని ఎవరూ అనరు, భయంలో అందరూ చెప్పేది అదే. కానీ ఆ ఒక్క మాట తర్వాత ఎంత నష్టం చేస్తుందో చెబుతాం. విజయవాడ జీజీహెచ్‌కి వెళ్లినా, గుంటూరు జీజీహెచ్‌కి వెళ్లినా క్యాజువాలిటీలో మొదట అడిగేది "దెబ్బ ఎలా తగిలింది?" అని. మీరు చెప్పింది చెప్పినట్టు రిజిస్టరులో ఎక్కుతుంది. "మెట్ల మీంచి జారిపడింది" అని ఎక్కితే, ఏడాది తర్వాత కోర్టులో అతని లాయరు ముందుగా తీసేది ఆ కాగితమే. "భర్త బెల్టుతో కొట్టాడు" అని చెబితే మెడికో లీగల్ కేసుగా రాస్తారు, గాయం ఏ చోట, ఎంత పొడవు, ఎప్పటిది అన్నది నమోదవుతుంది. పోలీసు అవుట్‌పోస్టుకి కబురు వెళ్తుంది, ఎవరో వచ్చి అడుగుతారు. "ప్రస్తుతానికి కేసు వద్దు" అని మీరు చెప్పినా గాయం రికార్డు చెరిగిపోదు.

అప్పటికే అబద్ధం చెప్పేసి ఉంటే? తర్వాత వెళ్లినప్పుడు నిజం చెప్పండి, ముందు భయపడి అలా చెప్పానని కూడా చెప్పండి. దెబ్బల ఫొటోలు తీసుకోండి, ముఖం కనిపించేలా ఒకటి, దగ్గర్నుంచి ఒకటి. కమిలిన గాయం రెండోరోజు, మూడోరోజు బాగా కనబడుతుంది, అప్పుడు మళ్లీ తీయండి.

అత్యాచారం, యాసిడ్ దాడి జరిగితే ప్రైవేటు ఆస్పత్రి అయినా సరే వెంటనే ఉచితంగా చూడాలి. పోలీసు కాగితం తెస్తేనే చూస్తామనడానికి వీల్లేదు.

రాత్రికి రాత్రి బయటికి రావాల్సొస్తే ఎక్కడికి పోవాలి?

112కి ఫోన్ చేసి మీరున్న చోటు చెప్పండి. మాట్లాడే వీలు లేకపోతే రాష్ట్ర పోలీసుల శక్తి యాప్‌లో ఎస్ఓఎస్ మీట నొక్కవచ్చు. ముందే ఫోన్లో వేసి ఉంచుకోండి. బస్టాండులోనో స్టేషన్లోనో తెల్లవార్లూ కూర్చోకండి. పండిట్ నెహ్రూ బస్టాండులోనూ, విజయవాడ రైల్వేస్టేషన్లోనూ పోలీసులుంటారు, వాళ్ల దగ్గరికి వెళ్లి సఖి కేంద్రానికి చేర్చమని అడగండి. ఎక్కువ రోజుల బస కావాలంటే శక్తి సదన్లున్నాయి. పిల్లల్ని కూడా తీసుకురండి. "రేపొచ్చి తీసుకెళ్తాలే" అని వదిలి వచ్చినవాళ్లు ఆ రేపు కోసం నెలల తరబడి తిరగాల్సి రావడం చూస్తూనే ఉన్నాం.

బతకాలని లేదు. ఇది కూడా ఇక్కడ చెప్పుకోవచ్చా?

చెప్పుకోండి. ఆ మాట విని మేం కంగారుపడం, తిట్టం, "పిల్లల ముఖం చూడు" అని నోరు మూయించం. అర్ధరాత్రయినా 14416కి ఫోన్ చేయవచ్చు. అది టెలీమానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. ఇంట్లో పురుగుమందు డబ్బాలు, నిద్రమాత్రలు ఉంటే ఇప్పుడే పక్కింటివాళ్లకో అక్కకో ఇచ్చేయండి. ఆ క్షణం దాటడానికి అది నిజంగా పనిచేస్తుంది. నిద్ర పట్టకపోవడం, ఊరికే గుండెదడ రావడం నెలల తరబడి ఉంటే జీజీహెచ్ సైకియాట్రీ ఓపీకి మాతోపాటు రండి. మందు వాడితే "పిచ్చిది" అని ముద్రవేస్తారని భయపడేవాళ్లు చాలామంది. ఆ చీటీ చూపించి పిల్లల్ని లాక్కుంటామని బెదిరించే మొగుళ్లూ ఉన్నారు. వైద్యం చేయించుకుంటున్నంత మాత్రాన తల్లి అనర్హురాలైపోదు.

నా ఫొటోలు బయటపెడతానని బెదిరిస్తున్నాడు. అన్నీ డిలీట్ చేసేశాను.

ఇకమీదట ఏదీ డిలీట్ చేయకండి. బెదిరింపు మెసేజీలు, ఆ నంబరు, ప్రొఫైలు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. డబ్బు పంపకండి, ఒకసారి పంపితే అడగడం ఆగదు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. ఆడవాళ్ల ఫొటోల ఫిర్యాదుల్లో పేరు చెప్పకుండా పెట్టే వీలు కూడా అందులో ఉంది. కానూరు, గోరంట్ల వైపు హాస్టళ్లలో ఉండే ఆడపిల్లలకి ప్రత్యేకంగా చెబుతున్నాం: మీ నాన్నకి తెలిస్తే చదువు మాన్పిస్తాడన్న భయమే వాడి బలం. ఇంట్లో ఎలా చెప్పాలో మాతో ముందు మాట్లాడండి. కావాలంటే ఆ మాట మేమే చెబుతాం.

## పోలీసులు, కోర్టు

మా స్టేషన్ పరిధి కాదని పంపేశారు. ఇప్పుడేం చేయాలి?

పరిధి కాకపోయినా జీరో ఎఫ్ఐఆర్ రాసుకుని సరైన స్టేషన్‌కి పంపాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది స్పష్టంగా ఉంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అప్పటికీ తీసుకోకపోతే ఫిర్యాదుని రిజిస్టర్డ్ పోస్టులో విజయవాడలో పోలీస్ కమిషనర్‌కి, గుంటూరులో ఎస్పీకి పంపండి. పోస్టాఫీసు రసీదు పారేయకండి. మొగుడూపెళ్లాల కేసుల్లో ఎఫ్ఐఆర్ కట్టేముందు విచారించి చూసే వెసులుబాటు పోలీసులకి ఉంది, దాన్ని ఫిర్యాదు తీసుకోకపోవడంగా పొరబడకండి. రాసిచ్చిన ఫిర్యాదుకి రసీదు మాత్రం పట్టుబట్టి తీసుకోండి.

నాకు ఆయన జైలుకెళ్లడం ఇష్టం లేదు. కొట్టడం మానితే చాలు. అలాంటి దారి ఏదైనా ఉందా?

ఉంది, చాలామందికి కావలసింది ఇదే. రెండు చట్టాల్నీ కలిపేసి ఒకటే అనుకోవడం వల్ల ఎందరో భయపడి వెనక్కి తగ్గుతారు. అందరూ "498ఏ" అని పిలిచేది క్రిమినల్ కేసు. ఇప్పుడది భారతీయ న్యాయసంహితలో 85వ సెక్షన్, మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. అందులోనూ కేసు పెట్టగానే అరెస్టు చేసేయరు, ముందు నోటీసిచ్చి పిలుస్తారు.

గృహహింస చట్టం వేరు. మేజిస్ట్రేటు దగ్గర 12వ సెక్షన్ కింద అర్జీ పెడితే, కొట్టకూడదని, మీ పనిచోటికి రాకూడదని, ఇంట్లోంచి పంపకూడదని, నెలనెలా ఖర్చు ఇవ్వాలని ఆదేశాలు తెచ్చుకోవచ్చు. ఆ దశలో ఎవరికీ జైలు లేదు. రక్షణ ఆదేశాన్ని అతను తుంగలో తొక్కితేనే అది నేరం, ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా. పరిస్థితి ప్రమాదకరంగా ఉంటే అవతలివాళ్లు రాకముందే తాత్కాలిక ఆదేశం ఇవ్వవచ్చు.

ఇల్లు మా అత్తగారి పేరున ఉంది. "నా ఇంట్లోంచి పో" అంటోంది. గెంటేయొచ్చా?

మీరు కాపురం చేసిన ఉమ్మడి ఇంట్లోంచి కోర్టు ఉత్తర్వు లేకుండా గెంటడానికి వీల్లేదు. ఇల్లు భర్త పేరున ఉండాల్సిన అవసరం లేదని, అత్తమామల ఇల్లైనా మీరు అందులో కాపురం ఉన్నదైతే ఈ హక్కు వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. భర్త పోయిన కోడళ్లకి కూడా ఈ రక్షణ ఉందని 2022లో ఇంకో తీర్పు వచ్చింది. ఇది ఉండే హక్కు మాత్రమే, ఇల్లు మీ పేరున మారదు. అక్కడ ఉంటే ప్రాణానికి ముప్పనుకుంటే వేరే ఇంటికి అద్దె ఇప్పించమని అడగవచ్చు.

లాయరు ఫీజు ఎక్కణ్ణుంచి తేవాలి?

తేవాల్సిన పని లేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరుని ఇస్తారు. ఉద్యోగం చేస్తున్నా సరే. విజయవాడ, గుంటూరు కోర్టుల ఆవరణలోనే న్యాయసేవల కార్యాలయాలున్నాయి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఉచిత లాయరు సరిగ్గా పట్టించుకోడని కొందరంటారు. శ్రద్ధగా చేసేవాళ్లని మేం చాలామందిని చూశాం. మీకు ఇచ్చిన లాయరు వాయిదాలకి రాకపోతే మార్చమని అదే కార్యాలయంలో రాసివ్వండి.

ఎన్నేళ్లు తిరగాలి?

గృహహింస అర్జీకి మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో వేయాలని, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. వాస్తవంలో అంతకంటే ఎక్కువే పడుతుంది, నోటీసు అతనికి అందడం దగ్గరే నెలలు గడుస్తాయి. అందుకే మొదటిరోజే తాత్కాలిక ఆదేశం అడగాలి. అతని పని చేసే చోటు, వాట్సాప్ నంబరు, బంధువుల చిరునామాలు ఎన్ని ఇస్తే అంత మంచిది.

మా అల్లుడు అమెరికాలో ఉన్నాడు. అమ్మాయిని ఇక్కడ వదిలేసి వెళ్లి ఫోన్ ఎత్తడం లేదు.

గుంటూరు వైపు నుంచి ఈ ఫోన్ తరచుగా వస్తుంది. అమ్మాయి ఇప్పుడు ఎక్కడుంటే అక్కడి కోర్టులోనే అర్జీ పెట్టవచ్చు. అతని పాస్‌పోర్టు నంబరు, వీసా వివరాలు, కంపెనీ పేరు, అక్కడి అడ్రసు ముందుగా సేకరించండి. కోర్టు వారెంటుని ఖాతరు చేయకపోతే పాస్‌పోర్టు జప్తు చేసే అధికారం 1967 పాస్‌పోర్టు చట్టంలో ఉంది. అక్కడి కోర్టునుంచి విడాకుల కాగితాలు వస్తే భయపడి సంతకం పెట్టకండి, పారేయనూ వద్దు. అదే వారంలో లాయరుకి చూపించండి.

## డబ్బు, బంగారం, పిల్లలు

నేను ఉద్యోగం చేస్తున్నాను. నాకు మనోవర్తి రాదంటున్నారు.

ఉద్యోగం ఉన్నంత మాత్రాన రాదని లేదు. మీ సంపాదనతో అంతకుముందు బతికిన తీరులో బతకగలరా అన్నది చూస్తారు. ఇద్దరూ ఆస్తి అప్పుల వివరాలు ప్రమాణపత్రంలో ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అర్జీ పెట్టిన తేదీ నుంచే మనోవర్తి లెక్కకట్టాలని కూడా చెప్పింది. కాబట్టి "చూద్దాంలే" అని ఆలస్యం చేసిన ప్రతి నెలా మీకే నష్టం.

పెళ్లిలో పెట్టిన బంగారం అత్తగారి లాకర్లో ఉంది. అడిగితే కట్నం కింద ఇచ్చారుగా అంటున్నారు.

పుట్టింటివాళ్లు, చుట్టాలు మీకు పెట్టిన నగలు, పసుపుకుంకుమ కింద ఇచ్చిన పొలం మీ స్త్రీధనం. కట్నంగా ఇచ్చినదైనా మీకే తిరిగి అప్పగించాలని 1961 వరకట్న నిషేధ చట్టం చెబుతోంది. పెళ్లి ఆల్బం తెరిచి, ఏ నగ ఏ ఫొటోలో కనబడుతుందో జాబితా రాయండి. నగల షాపు బిల్లులు మీ నాన్నగారి బీరువాలో ఉంటాయి, వెతికించండి.

పిల్లల్ని నాకు ఇవ్వరేమో.

ఐదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 హిందూ మైనారిటీ (మైనర్ల సంరక్షణ) చట్టం చెబుతోంది. పెద్ద పిల్లల విషయంలో వాళ్ల మేలు చూసి నిర్ణయిస్తారు. తండ్రికి జీతం ఎక్కువన్నది ఒక్కటే కారణం కాదు. గృహహింస అర్జీలోనే తాత్కాలికంగా పిల్లల్ని మీ దగ్గర ఉంచమని అడగవచ్చు.

డ్వాక్రా లోను నా పేరున తీసి ఆయన వాడుకున్నాడు. బయటికొస్తే వాయిదాలు ఎవరు కడతారు?

లోను మీ పేరున ఉంది కాబట్టి గ్రూపు మిమ్మల్నే అడుగుతుంది. కానీ ఆ డబ్బు ఎవరి ఖాతాకి వెళ్లిందో బ్యాంకు స్టేట్‌మెంటు తీసి ఉంచండి, అర్జీలో ఆర్థిక నష్టం కింద చూపించవచ్చు. గ్రూపు లీడరుకి, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) రిసోర్సు పర్సన్‌కి విషయం చెప్పండి. సాటి ఆడవాళ్లే కాబట్టి గడువు కోసం మాట్లాడేవాళ్లు దొరుకుతారు. కొత్తగా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

పింఛను వస్తుందా?

ఎన్టీఆర్ భరోసా కింద వితంతువులకి, అర్హులైన ఒంటరి మహిళలకి 2024 జులై నుంచి నెలకి 4,000 రూపాయలు ఇస్తున్నారు. వయసు, విడిగా ఉన్న కాలం లాంటి షరతులున్నాయి కాబట్టి మీ వార్డు సచివాలయంలో అడిగి చూడండి.

## తోడుగా ఉండాలనుకునేవాళ్లకి

పక్కింట్లోంచి రోజూ అరుపులు వినబడుతున్నాయి. మేం చెబితే మా మీదికొస్తారేమో.

గృహహింస జరుగుతోందని తెలిసినవాళ్లెవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ బాధ్యతా పడదని చట్టంలో ఉంది. ఆ అరుపుల సమయంలో పంచదార కావాలనో, నీళ్ల మోటారు గురించనో తలుపు కొట్టండి. చాలాసార్లు ఆ రోజుకి దెబ్బలు ఆగుతాయి. తర్వాత ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు 181 నంబరు చెప్పండి.

మా అమ్మాయి వచ్చేస్తానంటోంది. చెల్లి పెళ్లి కావాలి, ఎలా ఉంచుకోం?

మీ కష్టం మాకు తెలుసు. సంబంధాలు చూసేటప్పుడు "పెద్దమ్మాయి ఇంట్లోనే ఉందట" అనే మాట ఎంత నొప్పో రోజూ వింటున్నాం. అయినా ఆమె ఫోన్ చేసి వచ్చేస్తానన్న రోజున "రా" అనండి. మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చు. ఉంచుకోలేమని మీరు నిజంగా అనుకుంటే "సర్దుకో" అని తిరిగి పంపకుండా మాకు ఫోన్ చేయండి, ఆమె వేరుగా ఉండడానికి హాస్టలు, పని వెతుకుదాం. హిందూ కుటుంబాల్లో 1985 సెప్టెంబరు 5 తర్వాత పెళ్లైన కూతుళ్లకి పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా వాటా ఉండేలా ఆంధ్రప్రదేశ్ అందరికంటే ముందు చట్టం చేసింది. 2005 నుంచి దేశమంతటా హిందూ కుటుంబాల కూతుళ్లందరికీ ఆ హక్కు ఉంది. ఆ ఇంట్లో ఆమె చుట్టపుచూపుగా వచ్చిన మనిషి కాదు.

## ఒకసారి వచ్చి వెళ్లాక

మీరంతా చెప్పినా నేను మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లిపోయాను. ఇప్పుడు మళ్లీ రావడానికి ముఖం చెల్లడం లేదు.

రండి. వెళ్లి మళ్లీ వచ్చేవాళ్లు చాలామంది, ఎవర్నీ "అప్పుడే చెప్పాం కదా" అనలేదు, అనం. పిల్లల పరీక్షలుంటాయి, అతను ఏడుస్తాడు, మారతానని కనకదుర్గమ్మ మీద ఒట్టేస్తాడు, ఇంట్లో బియ్యం నిండుకుంటాయి. వెళ్లడానికి కారణాలు నిజమైనవే. మీ ఫైలు మూసేయం. మొదటిసారి నింపిన ఫారం, జిరాక్సులు అలాగే ఉంటాయి, మళ్లీ మొదటినుంచి చెప్పుకోనక్కర్లేదు. అప్పటినుంచి ఇప్పటివరకు జరిగింది మాత్రం కొత్తగా రాసుకుంటాం. గృహహింస అర్జీకి ఏడాది దాటితే గడువు మీరినట్టు కాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది, ఆలస్యమైందని ఆగకండి. పాత ఫోన్ నంబరు మారి ఉంటే కొత్తది, ఏ టైములో చేయాలో కూడా చెప్పండి.